మౌత్‌పీసు మీద పంటి గుర్తులు

క్లారినెట్టు కీచుమన్నప్పుడు వాయించేవాడు మొదట రీడును, అంటే గాలికి అదిరే ఆ పల్చటి రెల్లు బద్దను, తిడతాడు. రీడు మార్చినా కీచుమంటే మౌత్‌పీసును తిడతాడు. అదీ మార్చాక మళ్ళీ కీచుమంటే బాగుచేసినవాళ్ళను తిడతాడు. తన నోటిని మాత్రం ఎవడూ తిట్టుకోడు. ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గర కూర్చుని నేను చూస్తున్నది ఇదే. అయినా మా మరిది విషయానికి వచ్చేసరికి నేనూ ఆ వరుసలోనే పోయాను.

మా ఇంటి ముందుగదే మా షాపు. ఊదే వాయిద్యాలు మాత్రమే బాగుచేస్తాం. మా ఆయన కిటికీకి ఎదురుగా కూర్చునేవారు, నేను పక్కన కూర్చుని కార్కు కోసి ఇచ్చేదాన్ని, రంధ్రాలను మూసే ప్యాడ్లు అతికించేదాన్ని. ఆయన పోయాక తొమ్మిదేళ్ళుగా కిటికీ ఎదుటి కుర్చీలో నేనే కూర్చుంటున్నాను.

మరిది ఆయనకు ఒక్కడే తమ్ముడు. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి పదకొండేళ్ళవాడు. ఇప్పుడు యాభైకి రెండు తక్కువ. బ్యాండులో మొదటి క్లారినెట్టు అతనిదే. బ్యాండువాళ్ళు అతన్ని కోయిల అని పిలుస్తారు. ఆ కోయిల ఇంట్లో మాత్రం కాకిలా గోల చేస్తుందని మా తోటికోడలు అంటుంది.

నిరుడు ఒకరోజు పొద్దున్నే పెట్టె పట్టుకుని వచ్చాడు. పైస్థాయి స్వరాలకు వెళ్ళేసరికి కీచుమంటోందని, గాలి ఎక్కడో పోతోందని చెప్పాడు. ప్రతి ప్యాడు కింద సిగరెట్ కాగితమంత పల్చటి కాగితం పెట్టి లాగి చూశాను. ప్యాడు సరిగ్గా మూసుకుంటే కాగితం బిగుసుకుంటుంది, లేకపోతే జారి వచ్చేస్తుంది. అన్నీ బిగుసుకున్నాయి. అదే మాట చెప్పాను. నమ్మలేదు. సరే అని రెండు ప్యాడ్లు మార్చి ఇచ్చాను.

పది రోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి తప్పు మౌత్‌పీసుదన్నాడు. రీడు కూర్చునే చోట చదును పోయిందట. దాన్ని గాజు పలక మీద పెట్టి చూస్తే నాకు చదునుగానే కనబడింది. మౌత్‌పీసును అరగదీయడం మా పనిలో ఆఖరి పని. అరిగిపోయిన దాన్ని ఏ జిగురూ తిరిగి తేలేదు. మా ఆయన ముట్టుకునే ముందు రెండు రోజులు ఆలోచించేవారు. నేను అరగంట కూడా ఆలోచించలేదు. మరిది ఎదురుగా నిలబడి కాలు నేలకేసి కొడుతుంటే నున్నటి సాండ్ పేపర్ గాజు మీద పరిచి అరగదీశాను. అది ఇంకా పాడయింది. పద్నాలుగేళ్ళు అతని నోట్లో పాడిన మౌత్‌పీసు, ఒక్క పూటలో నా చేతిలో పనికిరాకుండా పోయింది.

కొత్తది కొనుక్కున్నాడు. మూడు నెలలు ఏదో నడిచింది. తర్వాత మళ్ళీ మొదలు. ఈలోగా బ్యాండు మాస్టరు అతన్ని మొదటి కుర్చీలోంచి రెండో కుర్చీలోకి మార్చాడు. ఏడాదికొకసారి జరిగే పెద్ద కచేరీలో ఒంటరిగా వాయించే భాగం ఇంకొకరికి ఇస్తానని కూడా అన్నాడట. ఆ సంగతి మరిది చెప్పలేదు, తోటికోడలు చెప్పింది. మరిది మాత్రం షాపుకు వచ్చి పెట్టె బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా ఒక మాట అన్నాడు.

"అన్నయ్య చేతిలో ఉన్నదేదో నీ చేతికి రాలేదేమో వదినా."

ఆడలేక మద్దెల ఓడు అని సామెత ఉంది కదా, అది అప్పగించి పంపేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకంటే అతను అన్నది నిజమేనేమోనని నాకూ భయంగానే ఉంది.

అతను వెళ్ళాక కొత్త మౌత్‌పీసును సబ్బునీళ్ళతో కడిగి కిటికీ దగ్గర పెట్టుకున్నాను. క్లారినెట్టు వాయించేవాళ్ళు పై పళ్ళను మౌత్‌పీసు ఏటవాలు మీద ఆనిస్తారు. కింది పెదవి రీడు కిందికి వస్తుంది. పై పళ్ళు రోజూ ఒకేచోట ఆనడం వల్ల ఆ నల్లటి గట్టి రబ్బరులో చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటలు చూసి ఏ మౌత్‌పీసు ఎవరిదో చెప్పగలను నేను. పాడుచేసిన పాత మౌత్‌పీసును డబ్బాలోంచి తీసి రెండూ పక్కపక్కన పెట్టాను.

పాతదాంట్లో రెండు గుంటలు కలిసి, కవలపిల్లల్లా ఒకే వరసలో ఉన్నాయి. కొత్తదాంట్లో వాటి మధ్య గోరు పట్టేంత ఎడం ఉంది. పైగా ఒకటి ముందుకు జరిగి ఉంది, రెండోది వెనక, లోతుగా. మనిషి ఒక్కడే, పళ్ళు మాత్రం ఇద్దరివిలా ఉన్నాయి.

సాయంత్రం అతన్ని పిలిపించాను. మెత్తటి కార్కు ముక్క చేతికిచ్చి ముందుపళ్ళతో కొరకమన్నాను.

"సంతలో ఎద్దును కొంటున్నావా వదినా, పళ్ళు చూడ్డానికి?"

"ఎద్దయితే ఈపాటికి నోరు తెరిచేది. కొరుకు."

కొరికాడు. కొరికేటప్పుడు కళ్ళు చిట్లించాడు. కార్కు మీద పడిన గాట్లను కొత్త మౌత్‌పీసు పక్కన పెట్టి చూపించాను. రెండూ అచ్చు ఒకలాగే ఉన్నాయి. తర్వాత పాతది చూపించాను. అతను కుర్చీలో కూర్చుని, పై పెదవి ఎత్తి, ముందుపన్ను ఒకదాన్ని వేలితో తాకాడు. అది కదిలింది.

అప్పుడు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. రెండేళ్ళ కిందటి నుంచే పళ్ళు తోముకుంటుంటే రక్తం వచ్చేదట. పుండు పడింది కాబోలు, ముట్టుకోకపోతే మానుతుందని ఆ నాలుగు ముందుపళ్ళ దగ్గర తోమడమే మానేశాడట. ఆ మాట నిజమేనని, అతని వంకాయరంగు బ్రష్షు ఒక పక్కే అరిగి ఉండటం తనూ చూసిందని తోటికోడలు తర్వాత చెప్పింది. ఎందుకు దాచావని నేను అడిగితే, వాళ్ళ బ్యాండులో ముందు ఉండిన పెద్ద క్లారినెట్టు ఆయన సంగతి చెప్పాడు. ఆయన పన్ను కదులుతోందని డాక్టరు దగ్గరికి వెళ్తే పీకేశారు. కట్టుడుపన్ను పెట్టుకుని ఆర్నెల్లు ప్రయత్నించాడు, స్వరం పలకలేదు. ఇప్పుడు అదే బ్యాండులో తాళాలు కొడుతున్నాడు.

"నేను తాళాలు కొట్టలేను వదినా," అన్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే మాట్లాడే గొంతు అది.

కొట్టాల్సిన పని లేదని నేను చెప్పలేకపోయాను. నాకు తెలియదు కదా. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్దామని, రానంటే ఈ మూడు ముక్కలూ తీసుకెళ్ళి బ్యాండు మాస్టరు బల్ల మీద పెడతానని మాత్రం చెప్పాను. వచ్చాడు.

పళ్ళ డాక్టరమ్మ మా అమ్మాయి ఈడుది. చిన్న గది, తెల్లటి దీపం, కాళ్ళు చాపుకునే కుర్చీ, గోడకు ఒక తెర. చుట్టూ ఏవేవో సన్నటి పనిముట్లు. నా బల్ల మీద ఉన్నట్టే వరసగా పెట్టి ఉండటం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కొలతల గీతలున్న సన్నటి కడ్డీ ఒకటి తీసి, పన్నుకూ చిగురుకూ మధ్య మెల్లగా దించుతూ అంకెలు చెప్పసాగింది. పక్కన ఒకామె రాసుకుంటోంది. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదని ముందే చెప్పింది. వెనక పళ్ళ దగ్గర నాలుగు, మూడు, నాలుగు అంది. ముందుకు వచ్చేసరికి ఆరు, ఏడు, ఆరు అంది. ఆ కదిలే పన్ను దగ్గర ఆగి, ఎనిమిది అంది. ప్రతి అంకె తర్వాత ఇంకో మాట కూడా చెబుతోంది, రక్తం, రక్తం అని. మరిది చేతులు కుర్చీ అంచులు పట్టుకుని ఉన్నాయి.

తర్వాత తెర మీద ఎక్స్‌రే చూపించింది. చిగుళ్ళ లోపల పళ్ళ వేళ్ళు తెల్లగా కనబడుతున్నాయి. వాటిని పట్టుకుని ఉండాల్సిన ఎముక చాలాచోట్ల బాగా వెనక్కి తగ్గిపోయి ఉంది. వాన కోసేసిన గట్టు మీద పాతిన గుంజల్లా ఉన్నాయి ఆ పళ్ళు. పట్టు తగ్గిన పన్ను రోజూ మౌత్‌పీసు నొక్కుడికి పక్కకు జరిగిందని ఆమె చెప్పింది.

ఏ క్రిమి తినేసిందని మరిది అడిగాడు.

"ఎముకను క్రిములు తినలేదండి. క్రిములు చిగురు కింద గారలో కూర్చున్నాయి, అంతే. వాటిని పసిగట్టి మీ ఒంట్లోని కాపలా కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకున్నాయి. వాపు, రక్తం, అంతా ఆ కబుర్ల వల్లే. పని అయిపోతే కబుర్లు ఆగిపోవాలి. మీ నోట్లో ఏళ్ళ తరబడి ఆగలేదు."

"కబురుకూ ఎముకకూ ఏం సంబంధమండీ?"

ఎముక రాయి కాదని, అందులో పాతదాన్ని తినే కణాలూ కొత్తదాన్ని కట్టే కణాలూ పక్కపక్కనే పనిచేస్తుంటాయని ఆమె చెప్పింది. రెండూ సరిసమానంగా ఉన్నంతకాలం మనకేమీ తెలియదట. ఈ కాపలావాళ్ళ కబురు వెళ్ళేకొద్దీ తినే కణాలు ఎక్కువెక్కువ పుట్టుకొస్తాయి, కట్టేవి వెనకబడిపోతాయి.

మరిది పైకప్పు చూస్తూ అన్నాడు, "కంచే చేను మేసిందన్నమాట."

ఆమె నవ్వింది. "కంచె మేయలేదండి. కంచె అరిచింది. ఆ అరుపు విని మేసేవి వచ్చాయి. అరుపు ఆగలేదు, అవీ వెళ్ళలేదు."

అంత తెలివితక్కువ పని ఒళ్ళు ఎందుకు చేస్తుందని నేను అడిగాను. క్రిములు ఎముకలోకి దిగకముందే ఎముకే వెనక్కి తప్పుకుంటుందేమోనని కొందరు అనుకుంటారని ఆమె చెప్పింది. ఒంటి లెక్కలో పన్ను పోయినా మనిషి మిగిలితే చాలట.

"నా లెక్కలో మనిషి పోయినా పన్ను మిగిలితే చాలు," అన్నాడు మరిది.

ఆ అరుపు ఆపే మందు ఏదైనా వేయమని కూడా అడిగాడు. పూర్తిగా నోరు నొక్కేస్తే క్రిములకు తలుపు తీసిపెట్టినట్టవుతుందని, కొంచెం మాత్రమే తగ్గించే మందుల కోసం చాలామంది వెతుకుతున్నారని, తను ఇవాళ చేయగలిగింది మాత్రం అరవడానికి ఉన్న కారణాన్ని తీసేయడమేనని ఆమె చెప్పింది. గార తీసేస్తే కంచె దానంతటదే ఊరుకుంటుంది. ఊరుకుంటే మేసేవీ తగ్గుతాయి. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. ఉన్నది ఉంటుంది.

అప్పుడు అతను అసలు సంగతి అడిగాడు. "పీకేస్తారా?"

"ఇవాళ పీకను. పీకనే పీకను అని మాత్రం మాట ఇవ్వలేను. మూడు నెలల తర్వాత మళ్ళీ కొలుస్తాను. ఆ ఎనిమిది తగ్గితే ఉంచుతాం. తగ్గకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

చిగురు కింద గార తీయడం రెండు రోజులు పట్టింది, ఒకరోజు ఒక పక్క. నొప్పి తెలియకుండా సూదిమందు ఇచ్చినా, బయటికి వచ్చినప్పుడు అతని మొహం దెబ్బలాటలోంచి వచ్చినవాడిలా ఉంది. చేయాల్సినవన్నీ రాసి ఇచ్చిన కాగితాన్ని ఇంటికి వచ్చాక నేను పైకి చదివాను. రక్తం వచ్చినా సరే మెత్తటి బ్రష్షుతో చిగురు అంచును రుద్దాలి. పళ్ళ సందుల్లో సన్నటి బుడ్డ బ్రష్షు పెట్టి తీయాలి. రెండు వారాలు క్లారినెట్టు ముట్టుకోకూడదు. ఆఖరిది విని, మొదటి రెండూ ఎన్నిసార్లయినా చేస్తానని, ఆ మూడోదాన్ని మాత్రం కొంచెం కొట్టేయమని బతిమాలాడు.

రక్తం వచ్చినచోటే ఎక్కువ తోమాలన్నది అతని ఒంటికి ఎక్కలేదు. గాయాన్ని గీకమంటారేమిటని రోజూ సణుగుడు. అందుకని పొద్దున తోటికోడలు, సాయంత్రం నేను కాపలా. ఆమె గడియారం పట్టుకుని స్నానాల గది గుమ్మంలో నిలబడేది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన మొహం వంక ఇంత తదేకంగా ఎప్పుడూ చూడలేదక్కా, అందులో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదని ఇప్పుడు తెలిసిందని నాతో అంది.

మూడో వారానికి రక్తం తగ్గింది. నెల దాటేసరికి ఆగిపోయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు ఒక మధ్యాహ్నం అతను చెప్పులు కూడా విప్పకుండా షాపులోకి వచ్చి, అద్దం ముందు నిలబడి, పెదవి ఎత్తి చూపించాడు. పళ్ళు పొడుగయ్యాయి. నిజంగానే పొడుగ్గా ఉన్నాయి. సందుల్లో ఇదివరకు లేని నల్లటి ఖాళీలు కనబడుతున్నాయి.

"ఊడి కిందికి వస్తున్నాయి వదినా. అంతా అయిపోయింది. ఆ బ్రష్షులే చేశాయి ఇదంతా." ఆ వేళ నుంచి తోమడం మానేస్తానన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. కానీ చేతిలో అప్పుడే విప్పిన ఒక పాత ప్యాడు ఉంది. తడి పీల్చిన ప్యాడు ఉబ్బిపోయి, రంధ్రాన్ని నిండుగా మూసినట్టు కనబడుతుంది. ఆరితే చిన్నదవుతుంది, చుట్టూ సందు కనబడుతుంది. ఆ సందు కొత్తగా వచ్చింది కాదు. అంతకుముందు వాపు దాన్ని కప్పేసింది. ప్యాడును అతని అరచేతిలో పెట్టి ఇదే మాట చెప్పాను. ఇన్నాళ్ళూ మనం చూసింది చిగురు కాదేమో, వాపేమో అన్నాను. నమ్మీ నమ్మనట్టు చూశాడు. డాక్టరమ్మకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. ఆమె ముందు అడిగింది రక్తం వస్తోందా అని. రావడం లేదన్నాడు. అయితే వాపు తీసిందండీ, మంచిదే, తోమడం మాత్రం ఆపకండి అంది. ఫోను పెట్టేశాక అతను ఆ ప్యాడును అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టరువి కావాల్సింది వదినా నువ్వు," అన్నాడు. అంతకుముందు అన్న మాటకు క్షమాపణ అదేనని నేను అనుకున్నాను. అతని దగ్గర అంతకన్నా రాదు.

అతను వాయించడం మళ్ళీ మొదలుపెట్టాడు గానీ, రోజుకు ఇరవై నిమిషాలే. పన్ను ఆనే చోట పల్చటి రబ్బరు ముక్క అతికించి ఇచ్చాను. స్వరం వచ్చింది, పాత స్వరం మాత్రం కాదు. ఆ ఏడాది పెద్ద కచేరీలో ఆ భాగం ఇంకొకరే వాయించారు. మేం వెళ్ళి విన్నాం. బాగానే వాయించాడని మరిదే అన్నాడు, పళ్ళు కొరుక్కోకుండా.

మూడు నెలలు నిండిన రోజు పొద్దున ఇద్దరం వెళ్ళాం. తోటికోడలు రాలేదు. తను వస్తే ఏడుస్తానని, నువ్వయితే ఏడవవని అంది. మరిది కుర్చీలో పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ వెనక నుంచి మొదలుపెట్టింది. మూడు. రెండు. మూడు. రాసుకునే ఆమె కలం చప్పుడు కూడా వినబడుతోంది. ఈసారి అంకె తర్వాత ఇంకో మాట లేదు. మూడు. మూడు. రెండు. ముందుకు వచ్చింది. నాలుగు, మూడు, నాలుగు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పన్ను దగ్గరికి వచ్చాక ఆమె కడ్డీ దించి, తీసి, మళ్ళీ దించింది. మొదటిసారి సరిగ్గా పడలేదేమో. నాకు ఆ రెండుసార్ల మధ్య కాలం చాలా ఎక్కువనిపించింది.

"నాలుగు," అంది. "రక్తం లేదు."

మరిది కళ్ళు తెరవకుండానే చేయి ఎత్తాడు. ఆమె కడ్డీ తీసింది.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు.

"నాలుగు. ఎనిమిది ఉండేది."

రెండు పనిముట్ల కొసలతో పన్నును అటూ ఇటూ కదిపి చూసింది. కొంచెం కదులుతోందని, ఇదివరకటంత కాదని చెప్పింది. కొత్త ఎక్స్‌రేలో ఎముక పాత చోటే ఉంది. పెరగలేదు, తరగలేదు. కంచె ఊరుకుందండీ అంది. ముందుపళ్ళను లోపలి వైపు నుంచి సన్నటి తీగతో ఒకదానికొకటి కడతానని, వాయించేటప్పుడు బయటికి తెలియదని, మూడు నెలలకొకసారి వచ్చి గార తీయించుకోవాలని, అది జన్మంతా తప్పదని చెప్పింది. జన్మంతా అన్న మాట వినగానే అతని మొహం వెలిగింది. ఆ మాట అతనికి శిక్షలా వినబడలేదు, పళ్ళు జన్మంతా ఉంటాయన్నట్టు వినబడింది.

మెట్లు దిగాక వీధి మలుపులో ఆగి ఇంటికి ఫోను చేశాడు. అటు నుంచి తోటికోడలు ఎత్తింది. ఇతను ఫోను నా చేతిలో పెట్టేసి, అటు తిరిగి, మూసి ఉన్న షాపు షట్టరు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేనని చెప్పగానే అటు ఆమె అక్కా, అక్కా అనడం మొదలుపెట్టింది.

"పీకడం లేదు," అన్నాను. "ఉంటాయి."

అటు ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది.

"అయితే ఈ సాయంత్రం నుంచి మళ్ళీ చెవుల్లో దూది పెట్టుకోవాలన్నమాట," అంది.

ఏమందని మరిది అడిగాడు. చెప్పాను. అతను నడివీధిలో, దారినపోయేవాళ్ళంతా చూస్తుండగా, ఇన్నాళ్ళలా పై పెదవికి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు.